కాకుమాను దొంగ రూపాయలు

తెనాలి గంగానమ్మపేటలో గాజులమ్మే మున్నీ బీ చేతికి రూపాయి బిళ్ళ ఇస్తే, అది ముందు నేలకి తగలాల్సిందే. గడపరాయి మీదో, అరుగు అంచు మీదో ఒక దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి విని, ఆ తర్వాతే కొంగున ముడి వేసుకునేది. పేటలో పిల్లలు ఆమెకి టింగు మామ్మ అని పేరు పెట్టారు. ఆ పేరుకి ఆమె కోప్పడేది కాదు, నవ్వేదీ కాదు. ఈ మధ్య కొత్తగా వచ్చిన రెండు రూపాయల బిళ్ళలు మాత్రం ససేమిరా పుచ్చుకునేది కాదు. పాతవాటిలా మోగడం లేదని ఆమె ఫిర్యాదు.

"గవర్నమెంటు వేసిందే కదా మామ్మా!" అని ఒకావిడ విసుక్కుంది.

"వేస్తుంటే నువ్వు చూశావా?" అంది మున్నీ బీ.

అందరూ దాన్ని పిసినారితనం అనుకునేవారు. నిజానికి మున్నీ బీ పిసినారి కాదు. చంటిపిల్లల చేతులకి ఊరికే గాజులు తొడిగి వెళ్ళిపోయిన రోజులున్నాయి. ఆ అలవాటుకి కారణం ఆమె ఇంట్లోనే ఉంది. అది ఆమె మొగుడు బాబూలాల్.

బాబూలాల్ ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. భుజాన నిప్పుకి గాలి ఊదే తిత్తి, సంచిలో బొగ్గులు, తగరం కడ్డీ, నవాసాగరం వేసుకుని కాకుమాను, కర్లపాలెం దాకా ఊళ్ళు తిరిగేవాడు. ఏ వీధి మలుపులోనో నేలలో గుంట తవ్వి, నిప్పు రాజేసి, నల్లబడిన గిన్నెని అద్దంలా తెల్లగా చేసి ఇచ్చేవాడు. పెద్ద తుఫాను వచ్చిన దానికి ముందటేడు, వాళ్ళ పెళ్ళై ఇంకా ఆర్నెల్లు కాని రోజుల్లో, కాకుమాను సంతలో దొంగ రూపాయలు బయటపడ్డాయి. తగరంతో పోసినవి. కిందేస్తే మట్టిబెడ్డలా దబ్బుమన్నాయట. తగరం ఎవరి దగ్గరుంటుంది? నిప్పూ తిత్తీ ఎవరి దగ్గరుంటాయి? పోలీసులు నేరుగా బాబూలాల్ ఇంటికే వచ్చారు. కొత్త పెళ్ళికూతురు చూస్తుండగా అతన్నీ, అతని తిత్తినీ జీపులో ఎక్కించుకుపోయారు.

ఇల్లంతా వెతికినా ఏమీ దొరకలేదు. కొన్నాళ్ళు ఉంచుకుని వదిలేశారు. బాబూలాల్ వాచిన కాళ్ళతో ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, చెంబుడు నీళ్ళు గటగటా తాగి, "నేను కాదు" అన్నాడు. అంతే. ఆ సంగతి మీద అతను మాట్లాడింది ఆ రెండు ముక్కలే.

'నువ్వు కాకపోతే మరెవరు?' అన్న మాట మున్నీ బీ నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఉండిపోయింది. కొత్త కాపురం. పదిహేడేళ్ళ పిల్ల. అడిగితే ఏం చెబుతాడో అని ఒక భయం, చెప్పింది నమ్మలేనేమో అని ఇంకో భయం. అడగలేదు. అడగకపోగా, ఆ మర్నాటి నుంచి అతను సంపాదించి తెచ్చిన ప్రతి రూపాయినీ, అతను బయటికి వెళ్ళాక, నీళ్ళకుండ కింద రాయి మీద మోగించి చూడడం మొదలుపెట్టింది. మొదట అతను తెచ్చినవే. తర్వాత అందరివీ.

ఒక్కటి కూడా తేడాగా మోగలేదు. అయినా అనుమానం పోలేదు. ఇంట్లోకి తేకుండా బయటే మార్చేస్తున్నాడేమో? అసలు అప్పుడు చేసి, దెబ్బకి జడిసి మానేశాడేమో? మనసుకి కావాల్సింది దొరక్కపోతే అది ఊరుకుంటుందా, తనే వండుకు తింటుంది.

ఆమెకి ఉన్నది ఒక్కడే అన్న, జాకీర్. అప్పట్లో కాకుమానులోనే ఉండి లాంతర్లూ స్టౌలూ బాగుచేసేవాడు. ఆ గొడవ జరిగిన కొద్ది రోజులకే పెళ్ళాంతో సహా రేపల్లె మకాం మార్చేశాడు. పండక్కి పిలిస్తే రాలేదు. మున్నీ బీకి కూతురు పుడితే వదిన మస్తాన్ బీ చూడ్డానికి రాలేదు, ఎవరి చేతో గౌను పంపించింది. మున్నీ బీ దానికి ఒకటే అర్థం చెప్పుకుంది. దొంగ రూపాయలవాడి ఇల్లని మావాళ్ళు సిగ్గుపడుతున్నారు. ఎవరికి మాత్రం ఉండదు! అన్న చనిపోయినప్పుడు ఒక్కతే రేపల్లె వెళ్ళి, ఏడ్చి, సాయంత్రం బండికి తిరిగొచ్చేసింది. దారంతా మొగుడి మీదే కోపం.

ఇలా ముప్పై ఏళ్ళు గడిచాయి. స్టీలు గిన్నెలొచ్చి కళాయి పని కొండెక్కింది. పెళ్ళిళ్ళకి బిర్యానీ వండే డేగిసాలకి తప్ప బాబూలాల్‌ని పిలిచేవాళ్ళు లేరు. ఇల్లు మున్నీ బీ భుజాన మోసే గాజుల మలారం మీదే నడిచింది.

రెండువేల ఏడు వేసవి. ఏంజెల్ అని, లూథరన్ బడిలో టీచరమ్మ, తమ్ముడి పెళ్ళికి గాజులు వేయించుకోవడానికి వచ్చి అరుగు మీద కూర్చుంది. బాబూలాల్ పక్కనే గొడుగు ఊచ సరిచేసుకుంటూ టీ తాగుతున్నాడు.

"పిల్లల్ని మొన్న బాపట్ల తీసుకెళ్ళాం మామ్మా" అంది ఏంజెల్. "పూర్ణచంద్రరావు గారని, బ్యాంకులో రిటైరైనాయన, వాళ్ళింట్లోనే డబ్బుల మ్యూజియం పెట్టారు. గవ్వల కాడ్నించి కాయితాల దాకా డబ్బు ఎలా మారుతూ వచ్చిందో అంతా ఉంది. అన్నిటికంటే పిల్లలకి నచ్చింది దొంగ రూపాయల పెట్టె. మన కాకుమానులో దొరికినవంట. అచ్చులు కూడా ఉన్నాయి."

మున్నీ బీ చేతిలో గాజు ఏంజెల్ మెటికల దగ్గరే ఆగిపోయింది. ఆమె తలెత్తి మొగుడి వంక చూసింది. బాబూలాల్ ఊచ వంచుతూనే ఉన్నాడు. గ్లాసులో టీ మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. దాని మీద మీగడ కట్టింది.

మర్నాడు పొద్దున్నే అతను చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"రేపల్లె. పెళ్ళివారి డేగిసాలున్నాయన్నారు. కళాయికి."

సరేనంది. అతను వీధి మలుపు తిరిగాక తలుపు మూయబోతే, తలుపు వెనక తిత్తి కనబడింది. పక్కనే బొగ్గుల సంచీ, పట్టకారూ. తిత్తి లేకుండా కళాయి పూయడానికి పోయినవాణ్ణి ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

మున్నీ బీ మలారం భుజాన వేసుకుని బయల్దేరింది. గాజులామె ఏ ఊళ్ళో కనబడినా ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. స్టేషన్లో రేపల్లె బండి నిలబడి ఉంది. మొదటి పెట్టె నుంచి చివరి పెట్టెదాకా కిటికీ కిటికీలోకీ తొంగిచూసింది. లేడు. వంతెన ఎక్కి దిగి, బాపట్ల వైపు పోయే పాసింజరు ఎక్కింది. నిడుబ్రోలు దాటి, అప్పికట్ల దాటి, బండి బాపట్లలో ఆగేదాకా ఆమె చూపు కిటికీలోంచి కదల్లేదు. చూసిందేమీ లేదు. చేశాడా, చేసి దాచాడా, దాచింది దొరికిందని భయపడి వెళ్ళాడా? ఇవే తిరుగుతున్నాయి.

మ్యూజియం అంటే ఏదో పెద్ద మేడ అనుకుంది. చూస్తే మామూలు డాబా. ముందు గదులు రెండిటికీ బోర్డు తగిలించి ఉంది. వరండాలో బల్ల వేసుకుని, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడేసుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయనే పూర్ణచంద్రరావు.

"టిక్కెట్టు ఐదు రూపాయలమ్మా. గాజులు ఇక్కడెవరూ కొనరు."

"అమ్మడానికి రాలేదండి. చూడ్డానికొచ్చాను."

పది రూపాయల నోటిచ్చింది. ఆయన ఐదు బిళ్ళ తిరిగిచ్చాడు. అలవాటు చొప్పున ఆమె దాన్ని మెట్టు మీద మోగించింది. పెద్దాయన ముఖం ఎర్రబడింది.

"ఇది డబ్బుల మ్యూజియమమ్మా. ఇక్కడ కూడా అనుమానమేంటి?"

"ఇక్కడే కదండి ఉండాల్సింది."

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "లోపల ఒక ముసలాయన ఉన్నాడు. వచ్చిందగ్గర్నుంచీ ఇంకేదీ చూడ్డు, దొంగ నాణేల పెట్టె దగ్గరే నిలబడ్డాడు. వాలకం నాకు నచ్చలేదు. నీకు తెలిసినాయనా?" అన్నాడు.

"కాదండి" అంది మున్నీ బీ. ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

మొదటి గదిలో గాజు పలకల కింద గవ్వలు, రాగి డబ్బులు, చిల్లికానులు, అరిగిపోయిన వెండి రూపాయలు, రాజుల బొమ్మల నోట్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకప్పుడు ఒక ఆవుని కొన్న గవ్వలు అని రాసి ఉన్నచోట ఆమె ఒక్క క్షణం ఆగింది. చదువు రాదు, పక్కనున్న ఆవు బొమ్మని బట్టి గ్రహించింది. ఇవన్నీ నిజమైనవేనని ఏంటి నమ్మకం? గాజు కింద పెట్టేశాక మోగించి చూసేదెవరు?

రెండో గది గుమ్మంలోంచి మొగుడి వీపు కనబడింది. ఏళ్ళ తరబడి తిత్తి మోసి ఎడమ భుజం కిందికి జారిన వీపు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ కాస్త ముందుకి వంచి చూస్తున్నాడు. తన వస్తువుని చూసుకునేవాడు అలాగే ఉంటాడా? పరాయి వస్తువుని చూసేవాడు అలా ఉంటాడా? మున్నీ బీ గుమ్మానికి ఆనుకుని ఎంతసేపు చూసినా తేల్చుకోలేకపోయింది. మలారంలో గాజులు గలగలమన్నాయి. అతను వెనక్కి తిరిగాడు.

"నువ్వా?"

"ఇదేనా రేపల్లె?"

బాబూలాల్ గాజుపెట్టెకి అడ్డంగా జరిగాడు.

"జరుగు. నన్నూ చూడనీ" అంది.

అతను చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "వద్దు మున్నీ. చూడ్డానికేం లేదు. పద, పోదాం."

ఆ మాటతో ఆమెకి అంతా రూఢి అయిపోయినట్టే అనిపించింది. అతని చెయ్యి తోసేసి గాజుపెట్టె మీదికి వంగింది. మట్టితో చేసిన అచ్చు రెండు ముక్కలు. తగరం ముద్ద. రంగు మాసి బూడిద పట్టినట్టున్న రూపాయలు. వాటన్నిటి వెనకా, ఆ రూపాయలు దొరికిన ఇత్తడి తమలపాకుల పెట్టె, మూత తెరిచి నిలబెట్టి ఉంది. మూతకి ఒక మూల లోతుగా సొట్ట. బందు తెగితే రాగితీగతో కట్టిన కట్టు.

ఆ సొట్ట పెట్టింది ఎవరో కాదు, మున్నీ బీయే. ఎనిమిదేళ్ళప్పుడు మిద్దె మీంచి జారవిడిచింది. వాళ్ళమ్మ వీపు మీద ఇచ్చిన దెబ్బ ఇప్పటికీ గుర్తే. అమ్మ పోయాక ఆ పెట్టె తనకి కావాలని అడిగితే, రైల్లో ఎవరో కొట్టేశారని అన్న చెప్పాడు. పోనీలే అనుకుంది. అన్న మాట మీద ఆమెకి ఎప్పుడూ అనుమానం రాలేదు. ఈ లోకంలో ఆమె మోగించి చూడని మాట అదొక్కటే.

"అమ్మ పెట్టె" అంది మెల్లగా.

బాబూలాల్ నేల చూపులు చూశాడు. పూర్ణచంద్రరావు ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏంటమ్మా, ఏమన్నావు?"

"ఏం లేదు సార్" అన్నాడు బాబూలాల్. "ఇత్తడి బాగుందంటోంది."

"ఓహో, మీరిద్దరూ ఒకటేనా?" పెద్దాయన అనుమానం రెట్టింపైంది. అయినా తన వస్తువు గురించి చెప్పుకోకుండా ఉండలేకపోయాడు. "కాకుమానులో పాత పెంకుటిల్లు పడగొడుతుంటే గోడలో దొరికిందయ్యా. గూట్లో పెట్టి పైన మట్టి మెత్తేశారు. మేస్త్రీ దగ్గర కొన్నాను. ఎవరిదో తెలిస్తే పేరు కూడా రాద్దామనుంది. ఆ ప్రాంతం వాళ్ళలా ఉన్నారు. మీకేమన్నా తెలుసా?"

మున్నీ బీ మొగుడి ముఖం చూసింది. అతను చెప్పేటట్టు లేడు. చెప్పాలంటే ఆమే చెప్పాలి.

"మాకేం తెలుస్తుందండి" అంది.

వాళ్ళు గేటు దాటుతుంటే, వెనక పూర్ణచంద్రరావు గాజుపెట్టె తాళం లాగి చూసుకున్న చప్పుడు వినబడింది.

స్టేషన్లో బెంచీ మీద ఇద్దరి మధ్యా మలారం పెట్టుకుని కూర్చున్నారు. బండి రావడానికి ఇంకా టైముంది. మున్నీ బీ సూటిగా అడిగింది. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదటిసారి మీ అన్న తగరం అడిగినప్పుడు తెలీదు. లాంతర్ల చిల్లులకి మాట్లు వేసుకుంటానన్నాడు, ఇచ్చాను. రెండోసారి ఎక్కువ అడిగాడు. అప్పుడు అనుమానమొచ్చింది."

"అడిగావా?"

"అడగలేదు. ఇచ్చేశాను."

"మరి పోలీసులకెందుకు చెప్పలేదు?"

"నీ అన్నని పట్టిచ్చి నిన్నెలా ఏలుకోను?"

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే నమ్మేదానివా?"

మున్నీ బీ ఆ పదిహేడేళ్ళ పిల్లని మనసులో నిలబెట్టి నిజంగానే అడిగి చూసింది. "లేదు" అంది చివరికి. "నా అన్న మీదకి తోసేస్తున్నావనుకునేదాన్ని. పుట్టింటికి పోయేదాన్ని."

"అదీ సంగతి."

"ఇవాళ దొంగచాటుగా ఎందుకొచ్చావ్ మరి?"

"పేరేమన్నా రాశారేమోనని. మీ అన్నదో, నాదో."

ఇంకొకరైతే ఆ మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళేమో. మున్నీ బీకి ఒళ్ళు మండిపోయింది. ఒకరు మోసం చేశారు, ఒకరు దాచిపెట్టారు, మధ్యన తను ముప్పై ఏళ్ళు రాళ్ళ మీద రూపాయలు కొట్టుకుంటూ కూర్చుంది. బండెక్కాక అతని ఎదురు సీట్లో కూర్చుని నిడుబ్రోలు దాకా ముఖమే చూసింది.

"అందులో నీకేమన్నా ముట్టిందా?"

"తగరం ఖరీదు ముట్టింది."

"అంతేనా?"

"అంతే."

ఒక్క నోటి నుంచి విన్న మాటని నమ్మే అలవాటు ఆమెకి లేదు. ఆ వారంలోనే రేపల్లె బండెక్కింది.

మస్తాన్ బీ పెరట్లో చాప పరిచి ఎండు రొయ్యల్లో ఇసుక ఏరుతోంది. ఆడబడుచుని చూసి కంగారుగా లేచింది. నీళ్ళిచ్చింది. మున్నీ బీ గ్లాసు పక్కన పెట్టి, "అమ్మ తమలపాకుల పెట్టె బాపట్లలో ఉంది వదినా" అంది.

"ఏ పెట్టె?"

"సొట్టది."

మస్తాన్ బీ మళ్ళీ చాప మీద కూలబడింది. రొయ్యల్నే వేళ్ళతో కెలికింది. "గోడలో పెట్టి మట్టి మెత్తింది నేనే" అంది. "బాబూలాల్‌ని పట్టుకుపోయారని తెలిసిన మధ్యాహ్నమే. మీ అన్నకి చేతులాడలేదు. ఇవాళ చెప్పేస్తాడు, రేపు చెప్పేస్తాడు అని గుమ్మం వంకే చూస్తూ కూర్చున్నాం. చెప్పకుండా బయటికొచ్చాక ఇంకా భయమేసింది. ఊరికే ఎవడు ఊరుకుంటాడు? ఎప్పుడో వచ్చి ఏదో అడుగుతాడనుకున్నాం. అందుకే మీ గడప తొక్కలేదు."

"మా ఇంటికి రావాలంటే మీకు సిగ్గనుకున్నాను."

"సిగ్గా? భయం మున్నీ. మీ అన్న పోయేదాకా ఆ భయంతోనే బతికాడు."

"మా ఆయనకి అందులో వాటా ఉందా? నిజం చెప్పు."

"నాకు తెలిసినంతవరకు లేదు."

తెలిసినంతవరకు! ఆ ఒక్క ముక్క లేకుండా ఉంటే ఎంత బాగుండేది. తిరుగుబండిలో మున్నీ బీ ఆ మాటని ఎన్నిసార్లు తిరగేసిందో. తెనాలి స్టేషన్లో దిగేసరికి ఒకటి మాత్రం తేల్చుకుంది. ఇంతకంటే బాగా మోగే మాట ఇక ఎక్కడా దొరకదు. దీంతోనే సరిపెట్టుకోవాలి.

ఇంటికెళ్ళి మొగుడికి క్షమాపణ చెప్పలేదు. అతనూ దానికోసం చూడలేదు. మారింది ఒకటే. అప్పట్నించి మున్నీ బీ అడగడం మొదలుపెట్టింది. ఎక్కడికి పోయావ్, ఎవరు కనబడ్డారు, ఎందుకు ఆలస్యమైంది, ఆ చొక్కా జేబులో కాగితమేంటి? లోపల పెట్టుకుని కుమిలేదల్లా బయటికి అనేసేది. బాబూలాల్ విసుక్కునేవాడు. "నన్ను పట్టుకుపోయినవాళ్ళు కూడా ఇన్ని అడగలేదే!" అనేవాడు. అయినా ప్రతిదానికీ బదులు చెప్పేవాడు. చెప్పాక, నిలబడి, ఆమె నమ్మిందో లేదో చూసి మరీ కదిలేవాడు.

ఆ చలికాలం చిన్నకూతురు సిమ్రాన్ పెళ్ళి పెట్టుకున్నారు. మున్నీ బీ తనే రేపల్లె వెళ్ళి వదినని పిలిచింది. వస్తుందనుకోలేదు. కానీ పెళ్ళి ముందురోజు మస్తాన్ బీ చేతికర్ర పొడుచుకుంటూ ఆటో దిగింది. బాబూలాల్ అప్పుడే పెళ్ళి డేగిసాలకి కళాయి పూసి, మసి చేతులు కడుక్కుంటున్నాడు. ముప్పై ఏళ్ళ తర్వాత ఇద్దరూ ఎదురుపడ్డారు. అతను లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు.

మస్తాన్ బీ గ్లాసు పుచ్చుకుని నీళ్ళ వంక చూసింది, అతని వంక చూసింది.

"తాగక్కా. మంచినీళ్ళే" అన్నాడు బాబూలాల్.

ఆమె సగం తాగింది. మున్నీ బీ వాళ్ళిద్దర్నీ అరుగు మీద వదిలి లోపలికి వెళ్ళినట్టే వెళ్ళి, తలుపు చాటున ఆగిపోయింది. తను లేనప్పుడు ఏం మాట్లాడుకుంటారో వినాలి. గాజులు చప్పుడు చేయకుండా చేతులు రెండూ కడుపుకి అదుముకుని నిలబడింది.

"ఎంతమందికి వండిస్తున్నారు?" అంది మస్తాన్ బీ.

"మూడు డేగిసాలు పెట్టాం. చాలదంటావా?" అన్నాడు బాబూలాల్.

"చాలదు. ఇంకోటి పెట్టించు."

ఆ తర్వాత బియ్యం గురించి, వంటవాడి గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మున్నీ బీ ఎంతసేపు చెవి ఒగ్గినా తగరం మాట గానీ, వాటా మాట గానీ వినబడలేదు.